దమావంద్: సంకెళ్ళు మోసే కొండ

ఇరాన్ రాజధాని టెహరాన్‌లో గాలి తేటపడిన రోజున ఈశాన్య దిక్కుకు చూస్తే, మేడలకూ వాటి వెనుకనున్న కొండల వరుసకూ ఎగువన తెల్లని శంకువు ఆకారంలో ఒక శిఖరం ఒంటరిగా కనిపిస్తుంది. అదే దమావంద్. నగరానికి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, కాస్పియన్ సముద్రానికి దక్షిణాన గోడకట్టినట్లు సాగే అల్బోర్జ్ పర్వతశ్రేణిలో, మాజందరాన్ రాష్ట్రంలో ఈ పర్వతం ఉంది. దీని ఎత్తు 5,671 మీటర్లని ఇరాన్‌లో చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. ఇటీవలి కొలతలు 5,610 మీటర్ల దగ్గర నిలుస్తున్నాయి. ఏ లెక్క తీసుకొన్నా ఇరాన్‌లో దీనికి మించిన శిఖరం లేదు. ఆసియా ఖండంలోని అగ్నిపర్వతాలన్నింటిలోనూ ఇదే ఉన్నతమైనది.

అగ్నిపర్వతమన్న మాటను ఇక్కడ కొంచెం ఆలోచించి వాడాలి. సుమారు 18 లక్షల సంవత్సరాల కిందట ఈ ప్రదేశంలో లావా పైకి ఉబకడం మొదలైందనీ, నేడు కనిపించే శంకువు గత 6 లక్షల సంవత్సరాలలో రూపుదిద్దుకొన్నదనీ శాస్త్రజ్ఞులు శిలలను పరీక్షించి చెబుతున్నారు. చివరిసారిగా పడమటి వాలుమీద లావా ప్రవహించి దాదాపు 7,300 సంవత్సరాలు గడిచాయి. మానవుడు రాయడం నేర్వకముందే ఆ నిప్పు ఆగిపోయిందన్నమాట. కాబట్టి ఈ కొండ బద్దలైన దృశ్యాన్ని చూసినవారి సాక్ష్యం ఏ గ్రంథంలోనూ లేదు. అయితే కొండ పూర్తిగా చల్లారలేదు. శిఖరం సమీపంలోని రంధ్రాలనుండి నేటికీ గంధకపు ఆవిరి వెలువడుతూనే ఉంది. దిగువన లారీజాన్ ప్రాంతపు గ్రామాలలో వేడినీటి ఊటలు ఉన్నాయి. కీళ్ళనొప్పులవారు ఆ నీటిలో స్నానానికి దూరప్రాంతాలనుండి వస్తుంటారు. నెత్తిన మంచు, కడుపులో నిప్పు, ముక్కున పొగ. పేలదు, ఆరదు. వేల సంవత్సరాలపాటు తరతరాలవారు చూసినది ఈ రూపాన్నే. పారశీకులు ఈ కొండచుట్టూ అల్లుకొన్న కథకు మూలం ఇక్కడే వెదకాలి.

ఆ కథను ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. లోకాన్ని పీడించిన ఒక నిరంకుశుడు దమావంద్ గుహలో సంకెళ్ళలో ఉన్నాడు, అతడు చావలేదు. ఈ చివరిమాట చాలా ముఖ్యమైనది. దుష్టుణ్ణి వధించి ధర్మాన్ని నిలబెట్టే కథలు మన పురాణాలలో అసంఖ్యాకం. రావణుడు కూలాడు, కంసుడు కూలాడు, నరకాసురుడు కూలిన రోజున దీపాలు వెలిగించుకొంటున్నాము. పారశీక కథలో మాత్రం వీరుడు ఎత్తిన గదను దించవలసి వచ్చింది. ఎందుకు దించాడన్న ప్రశ్నకు ఆ జాతి వేరు వేరు కాలాలలో వేరు వేరు సమాధానాలు చెప్పుకొంటూ వచ్చింది.

కథ ఆనవాళ్ళు అతి ప్రాచీనమైనవి. జరతుష్ట్ర మతస్థుల పవిత్రగ్రంథమైన అవెస్తాలో 'అజి దహాక' అనే మహాసర్పం ఉంది. దానికి మూడు తలలు, మూడు నోళ్ళు, ఆరు కళ్ళు. 'అజి' అన్న మాట సంస్కృతంలోని 'అహి'కి తోబుట్టువు. రెంటికీ పాము అనే అర్థం. ఈ సర్పాన్ని అణచినవాడు త్రయేతవోనుడు, అతడి తండ్రి ఆత్వ్యుడు. ఋగ్వేదంలోనూ మూడు తలలు, ఆరు కళ్ళు గల విశ్వరూపుడనే వాణ్ణి త్రితుడు అనే వీరుడు సంహరిస్తాడు. ఆ త్రితుడికి 'ఆప్త్యుడు' అని మరో పేరు. ఇన్ని పోలికలు కాకతాళీయం కావని, ఇరానీయులు, వైదికార్యులు విడిపోకముందే ఈ కథ ఏదో ఒక రూపంలో ఉండి ఉంటుందని భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయం. అల్బోర్జ్ అన్న పేరు కూడా అవెస్తాలోని 'హరా బెరెజైతి' నుండి వచ్చింది. ఉన్నతమైన హరా అని దాని అర్థం. 'బెరెజ' అన్నది మన 'బృహత్' శబ్దానికి చుట్టం. అవెస్తాలో ఈ హరా పర్వతం నేలమీది కొండ మాత్రమే కాదు. సూర్యచంద్రులు దానిచుట్టూ తిరుగుతారు. మేరుపర్వతాన్ని ఎరిగిన పాఠకుడికి ఈ భావన కొత్తగా తోచదు.

అయితే మిగిలిన అవెస్తా భాగాలలో దమావంద్ పేరు కనిపించదు. 9వ శతాబ్దం నాటికి పహ్లవీ భాషలో కూర్చిన 'బుందహిష్న్' వంటి గ్రంథాలలో ఆ సర్పానికి చెర ఈ కొండేనని స్పష్టంగా ఉంది. అప్పటికి సర్పం మనిషిగా మారింది. అతడికి 'బేవరాస్ప్' అనే బిరుదు. 'బేవర' అంటే పదివేలు, 'అస్ప' అంటే అశ్వం. పదివేల గుర్రాలు కలవాడని అర్థం. క్రమంగా అజి దహాక అన్న పేరు అరిగిపోయి 'జహాక్' అయింది. పాము పూర్తిగా పోలేదు. అది జహాక్ భుజాలమీదికి చేరింది.

ఈ కథకు శాశ్వతరూపమిచ్చినవాడు ఫిరదౌసి మహాకవి. 1010వ సంవత్సరంలో పూర్తయిన ఆయన 'షానామా' ఇరాన్ రాజుల పురాణచరిత్రను వేలాది ద్విపదలలో గానం చేసింది. ఆ కవి జీవితంలోని విషాదాన్ని వస్తువుగా తీసుకొని గుఱ్ఱం జాషువ 1932లో 'ఫిరదౌసి' కావ్యాన్ని రచించడంవల్ల ఆయన పేరు తెలుగువారికి చిరపరిచితం. కవి కథ తెలిసినంతగా ఆయన చెప్పిన జహాక్ కథ తెలుగునాట ప్రచారం పొందలేదు.

ఆ కథ ఇది. జంషీద్ అనే చక్రవర్తి చిరకాలం ప్రజలను చల్లగా పాలించాడు. అవెస్తాలోని యిముడు, మన యముడు, ఈ జంషీద్ మూలంలో ఒక్కరే. చివరికి అతడికి గర్వం తలకెక్కి తానే దేవుణ్ణని ప్రకటించుకొన్నాడు. దైవానుగ్రహం అతణ్ణి విడిచిపోయింది. ఆ సమయంలో అరబ్బుల దేశంలో మర్దాస్ అనే సాధురాజుకు జహాక్ అనే కొడుకు ఉండేవాడు. అతడు పుట్టుకతో క్రూరుడు కాదు, మనసు నిలకడలేనివాడు. ఇబ్లీసు అనే దుష్టశక్తి హితుడి వేషంలో వచ్చి, ముసలితండ్రి ఎన్నాళ్ళు బతుకుతాడని చెవిలో ఊదింది. తెల్లవారుజామున ప్రార్థనకు తోటలోకి వెళ్ళే దారిలో గొయ్యి తవ్వి, ఆకులు కప్పి, తండ్రిని పొట్టన పెట్టుకొన్నారు. కొడుకు వారించలేదు. అతడి నేరమల్లా అదే. కాని అక్కడినుండి వెనుదిరిగే దారి లేకపోయింది.

ఇబ్లీసు తరువాత వంటవాడి రూపంలో వచ్చాడు. అంతవరకూ శాకాహారమే ఎరిగిన రాజుకు తొలిరోజున గుడ్డుసొన పెట్టాడు. తరువాత పిట్టమాంసం, ఆపైన గొర్రెమాంసం, దూడమాంసం. రోజుకొక మెట్టు చొప్పున రుచి మరిగించాడు. మెచ్చుకొన్న రాజు ఏమి కావాలో కోరుకొమ్మన్నాడు. తమ భుజాలు ముద్దాడే భాగ్యం చాలునన్నాడు వంటవాడు. ముద్దాడి మాయమైపోయాడు. ముద్దుపెట్టిన రెండు చోట్ల రెండు నల్లత్రాచులు మొలిచాయి. కోసివేస్తే చెట్టుకొమ్మల్లా మళ్ళీ చిగిర్చాయి. మూడోసారి ఇబ్లీసు వైద్యుడై వచ్చి, వాటిని కోయవద్దని, మనుషుల మెదడు తినిపించి శాంతింపజేయమని మందు చెప్పాడు. సలహాదారు, వంటవాడు, వైద్యుడు: రాజులకు మరీ దగ్గరగా మసలే ముగ్గురి వేషాలనే ఫిరదౌసి ఎన్నుకోవడం గమనించదగినది.

జంషీద్‌తో విసిగిపోయిన ఇరాన్ ప్రభువులే జహాక్‌ను పిలిచి సింహాసనం అప్పగించారు. అతడు ఒక్కరోజు తక్కువ వెయ్యేళ్ళు ఏలాడు. ప్రతిరోజూ ఇద్దరు యువకుల మెదళ్ళు పాములకు ఆహారమయ్యాయి. ఆ చీకటిరోజులలో అర్మాయెల్, గర్మాయెల్ అనే ఇద్దరు సజ్జనులు కావాలనే రాజుగారి వంటశాలలో కొలువు సంపాదించారు. దినానికి ఇద్దరినీ కాపాడడం వారివల్ల కాదు. ఒకణ్ణి తప్పించి, అతడి బదులు గొర్రెమెదడు కలిపి వడ్డించేవారు. నెలకు ముప్ఫైమంది ప్రాణాలు దక్కేవి. దక్కినవారికి కొన్ని మేకలను, గొర్రెలను ఇచ్చి రహస్యంగా కొండలకు పంపివేసేవారు. కుర్దు జాతివారు వారి సంతతేనని ఫిరదౌసి అంటాడు. సగంమందిని కాపాడడానికి మిగతా సగాన్ని స్వహస్తాలతో బలిపీఠం ఎక్కించవలసిరావడం ఎంతటి నరకమో కవి విస్తరించి చెప్పలేదు. పాఠకుడికే వదిలివేశాడు.

దమావంద్ ఈ కథలోకి మొదట ఒక కల ద్వారా ప్రవేశిస్తుంది. పాలనాకాలం ఇంకా నలభై ఏళ్ళు మిగిలి ఉందనగా జహాక్ ఒక రాత్రి ఉలిక్కిపడి లేచి, స్తంభాలు అదిరేలా అరిచాడు. ముగ్గురు వీరులలో చిన్నవాడు ఆవుతల ఆకారపు గదతో తనను కొట్టి, మెడకు తాడు తగిలించి, దమావంద్ కొండకు ఈడ్చుకొనిపోయినట్లు కల వచ్చింది. ఫరీదూన్ అనేవాడు పుట్టి ఈ పని చేస్తాడని జ్యోతిష్కులు బెదురుతూ విన్నవించారు. ఫరీదూనే అవెస్తాలోని త్రయేతవోనుడు. అక్కడినుండి కథ మన కృష్ణకథను పోలి నడుస్తుంది. శిశువుకోసం వెదుకులాట మొదలైంది. తండ్రి ఆబ్తీన్ చంపబడ్డాడు. తల్లి ఫరానక్ బిడ్డను దాచింది. అద్భుతవర్ణాలు గల ఒక ఆవు అతడికి పాలిచ్చింది. ఆ ఆవునూ జహాక్ వదలలేదు. తల్లి బిడ్డను అల్బోర్జ్ కొండల్లోని ఒక తపస్వి చేతిలో పెట్టింది. ఎదిగిన ఫరీదూన్ చేయించుకొన్న గదకు ఆవుతల ఆకారం ఎందుకు వచ్చిందో దీనిని బట్టి తెలుస్తుంది.

కాని తిరుగుబాటును ఆరంభించినవాడు రాకుమారుడు కాదు, ఒక కమ్మరి. భయంతో జహాక్ ఒక ఉపాయం పన్నాడు. తాను మంచి తప్ప మరేమీ చేయలేదని ఒక పత్రం రాయించి, సభలోని పెద్దలందరిచేతా సంతకాలు చేయించసాగాడు. అందరూ చేశారు. అప్పుడు తలుపు దగ్గర ఆక్రోశం వినిపించింది. కావే అనే కమ్మరి లోపలికి దూసుకొని వచ్చాడు. అతడి కొడుకులందరూ పాముల పాలయ్యారు; చివరికి మిగిలిన ఒక్కడూ ఆనాటి వంతులో ఉన్నాడు. నిండుసభలో కమ్మరి న్యాయమడిగాడు. రాజు తత్తరపడి కొడుకును విడిచిపెట్టి, ఇక ఈ పత్రంమీద నీవూ సంతకం చేయి అన్నాడు. కావే పత్రం చదివాడు. సభలోని పెద్దలను చీవాట్లు పెట్టి, పత్రాన్ని చించి, కాళ్ళకింద తొక్కి, కొడుకు చేయిపట్టుకొని బయటికి నడిచాడు. వాణ్ణి ఎందుకు ఊరకే పోనిచ్చావని సభాసదులు అడిగితే, అతడికీ తనకూ మధ్య ఒక ఇనుపకొండ లేచి నిలిచినట్లయిందని జహాక్ జవాబిచ్చాడు. తనను బంధించబోయే కొండ నీడ అతడిపై అప్పుడే పడింది.

కొలిమి దగ్గర నిప్పురవ్వలు తగలకుండా కట్టుకొనే తోలును కావే ఈటెకు తగిలించి జెండాగా ఎత్తాడు. బజారులోని జనం దాని వెనుక నడిచారు. ఫరీదూన్ ఆ తోలుకు బంగారు జరీ, రత్నాలు పొదిగించాడు. 'దిరఫ్షె కావియాని' అనే పేరుతో అది ఇరాన్ రాజుల పతాకమైందనీ, 7వ శతాబ్దంలో అరబ్బుల దండయాత్రవేళ శత్రువుల పాలైందనీ చెబుతారు.

ఫరీదూన్ నగరం చొచ్చి, ఆవుతల గదతో జహాక్ శిరస్త్రాణాన్ని పగులగొట్టాడు. రెండోదెబ్బకు చేయి ఎత్తగానే సరోష్ అనే దేవదూత అడ్డుపడి, ఇతడి కాలం ఇంకా తీరలేదు, కొట్టవద్దు, కట్టు అన్నాడు. సింహపు తోలుతాడుతో కట్టి కొండల్లోకి తీసుకొనిపోయాక ఫరీదూన్‌కు మళ్ళీ కోపం ఆగలేదు. దూత మళ్ళీ వచ్చి, దమావంద్‌కు తీసుకొనిపొమ్మని చెవిలో చెప్పాడు. అడుగు కనపడని ఒక ఇరుకుగుహలో పెద్ద మేకులతో జహాక్‌ను బిగించారు. కాలం ఎందుకు తీరలేదో ఫిరదౌసి వివరించడు. 'దేన్‌కర్త్' అనే పహ్లవీ గ్రంథం వివరిస్తుంది. ఆ దేహాన్ని చీలిస్తే అందులోనుండి పాములు, తేళ్ళు, కప్పలు, బల్లులు పుట్టి భూమినంతా నింపివేస్తాయట. చంపితే పాపం ఒక్కచోట ఉండదు, లోకమంతటా పాకుతుంది. కాబట్టి చెర ఒక్కటే దారి. అయితే ఆ చెరకూ గడువు ఉంది. యుగాంతంలో జహాక్ సంకెళ్ళు తెంచుకొని బయటపడతాడు. అప్పుడు చిరనిద్రలో ఉన్న గర్షాస్ప్ అనే వీరుడు మేల్కొని అతణ్ణి వధిస్తాడు.

ఈ భయం ఇరాన్ ఎల్లలు దాటింది. ఆర్మేనియా ప్రాచీన చరిత్రకారుడు మొవ్సెస్ ఖొరేనాత్సి రాసిన కథలో ఫరీదూన్ పేరు 'హ్రుదేన్'. ఖైదీని దమావంద్‌కు ఈడ్చుకొనిపోతూ దారిలో అతడికి కునుకు పడుతుంది. ఆ సందులో ఖైదీయే అతణ్ణి ఒక గుట్టవైపు లాక్కొనిపోతుంటే మెలకువ వచ్చి మళ్ళీ పట్టు బిగిస్తాడు. కాపలావాడు కునికితే కట్టుబడినవాడే లాక్కొనిపోతాడన్న ఈ చిన్న కల్పన ఫిరదౌసిలో లేదు. ఆర్మేనియాలోనే అరారాత్ కొండలో అర్తవజ్ద్ అనే రాజు బందీగా ఉన్నాడని మరో కథ ఉంది. అతడి గొలుసు సడలకుండా ఉండడానికి అక్కడి కమ్మరులు వారం మొదటిరోజున దాగలిమీద సమ్మెటతో మూడునాలుగు దెబ్బలు ఊరకే కొట్టేవారని ఖొరేనాత్సి రాశాడు.

దమావంద్ దగ్గరి ప్రజలు కథను తమ నేలమీద నిలిపి చెప్పుకొన్న తీరు వేరు. భారతదేశంపై గొప్ప గ్రంథం రాసిన అల్ బిరూనీయే, అంతకుముందు 1000వ సంవత్సరం ప్రాంతంలో ప్రాచీనజాతుల కాలగణనపై రచించిన గ్రంథంలో, ఒక వృత్తాంతాన్ని పేర్కొన్నాడు. జహాక్ బందీ అయిన తరువాత వంటవాడైన అర్మాయెల్‌ను విచారించారు. ఇన్నాళ్ళు ఆ పని చేసినవాడు నిర్దోషి ఎలా అవుతాడు? తాను రోజుకొకణ్ణి కాపాడానని, వారంతా దమావంద్ వెనుక ఉన్నారని అతడు విన్నవించాడు. రుజువేదని అడిగారు. ఆ రాత్రి, కాపాడబడిన ప్రతివాడూ తన ఇంటికప్పుమీద మంట వెలిగించాలని అతడు కబురుపెట్టాడు. కొండవాలంతా దీపాలు పొడిచాయి. ఒక్కొక్క మంట ఒక్కొక్క ప్రాణం. ఫరీదూన్ అతడికి ఆ ప్రాంతపు ఏలుబడిని, 'మస్మొఘాన్' అనే బిరుదాన్ని ఇచ్చాడు. ఆ బిరుదు కల్పితం కాదు. అరబ్బులు వచ్చిన తరువాత కూడా 8వ శతాబ్దం వరకు ఆ పేరు గల జరతుష్ట్ర మతపాలకులు ఈ కొండసీమను ఏలారు. చలికాలం నడుమ వచ్చే 'సదా' అనే అగ్నిపండుగకు ఈ రాత్రే మూలమని ఒక వాదం. ఫిరదౌసి మాత్రం ఆ పండుగను నిప్పును కనుగొన్న హూషంగ్ రాజుకు ముడిపెట్టాడు. రెంటిలో వంటవాడి కథకే మనసును పట్టే గుణం ఎక్కువ.

కథను నమ్మని మనిషి కూడా ఆ రోజులలోనే కొండ ఎక్కాడు. 10వ శతాబ్దపు అరబ్బు యాత్రికుడు అబూ దులఫ్ రాసిన విషయాలను తరువాతి భౌగోళికుడు యాకూత్ భద్రపరిచాడు. గుహనుండి వచ్చే పొగ బేవరాస్ప్ ఊపిరి అని, లోపల కనిపించే నిప్పు అతడి కళ్ళని, వినవచ్చే హోరు అతడి మూలుగని ఊరివారు చెప్పారట. వాడు బేవరాస్ప్ కాదు, సులేమాన్ ప్రవక్త బంధించిన భూతమని కొందరన్నారట. అబూ దులఫ్ దీనిని స్వయంగా తేల్చుకోదలచి, ప్రాణాలకు తెగించి సగందూరం ఎక్కాడు. అక్కడ గంధకపు ఊట కనిపించింది. చుట్టూ గడ్డకట్టిన గంధకం ఎండ తగిలి మండుతోంది. కొండ కిందుగా వీచే గాలి ఒకసారి గుర్రపు సకిలింపులా, ఒకసారి గాడిద ఓండ్రలా, మరొకసారి అర్థంకాని మనుషుల మాటల్లా వినిపించింది. ఊపిరి కాదు, ఆవిరి అని ఆయన నిర్ధారించాడు. వెయ్యేళ్ళ తరువాతి శాస్త్రజ్ఞులు ఆ నిర్ధారణను మార్చవలసిన అవసరం రాలేదు. అయితే అదే అబూ దులఫ్, వానలు విసిగిస్తే నిప్పుమీద మేకపాలు పోస్తే ఆగిపోతాయన్న ఊరివారి మాటను చాలాసార్లు పరీక్షించి నిజమని కనుగొన్నానని కూడా రాశాడు. హేతుదృష్టి ఒక్కసారిగా మనిషినంతా ఆక్రమించదు.

గంధకం ఆ ఊళ్ళవారికి జీవనాధారం కూడా. 11వ శతాబ్దంలో ఆ దారిన వెళ్ళిన కవి, యాత్రికుడు నాసిర్ ఖుస్రో దమావంద్ గుమ్మటంలా ఉందని వర్ణించి, శిఖరంమీద ఒక గుంట ఉందని, అందులోనుండి గంధకాన్నీ, కళాయి పూసేవారు వాడే నవాసారాన్నీ తీస్తారని విన్నట్లు రాశాడు. సరుకును ఎద్దుతోళ్ళలో నింపి పైనుండి దొర్లిస్తారట. మోసుకొని దిగే దారి లేదు. 1837లో టేలర్ థాంసన్ అనే ఆంగ్లేయుడు శిఖరం చేరినప్పుడు అదే తొలి ఆరోహణగా యూరోపియన్ల పుస్తకాలలోకి ఎక్కింది. అప్పటికి ఎనిమిది వందల ఏళ్ళుగా వినవస్తున్న గంధకం కూలీల లెక్క ఎవరూ రాయలేదు.

దమావంద్ కథలన్నీ చెరకు సంబంధించినవి కావు. ఇరాన్, తూరాన్ దేశాల మధ్య చిరకాలం యుద్ధం జరిగి, ఒక బాణం ఎంత దూరం పోతే అంతవరకు ఇరాన్ సరిహద్దు అని ఒప్పందం కుదిరింది. ఆరష్ అనే విలుకాడు ముందుకు వచ్చాడు. తన ఒంటిమీద గాయంగాని రోగంగాని లేదని అందరికీ చూపి, ఈ బాణం వేసిన తరువాత తాను ముక్కలైపోతానని ముందే చెప్పి, శక్తినంతా వింటినారిలోకి ఎక్కించాడు. బాణం సుదూరాన ఒక అక్రోటు చెట్టుకు నాటుకొంది, ఆరష్ లేడు. అల్ బిరూనీ ఆ బాణం వేసిన చోటు రూయాన్ కొండ అన్నాడు. రూయాన్ ఆ పక్క సీమే. జనం మాత్రం ఆ విలుకాణ్ణి తమకు కనిపించే అన్నింటికన్నా ఎత్తైన కొండమీద నిలబెట్టుకొన్నారు. జూలై మొదటివారంలో వచ్చే 'తీర్గాన్' పండుగ ఆరష్‌కు ముడిపడినదే. కవి సియావష్ కస్రాయీ 1959లో అతడిపై రాసిన కావ్యం ఆధునిక పారశీక సాహిత్యంలో ప్రసిద్ధం.

ఈ కథల పేర్లు భారతదేశానికీ వచ్చాయి. ఇరాన్‌నుండి వలసవచ్చిన పార్సీలు తమ బిడ్డలకు పెట్టుకొన్న జంషెడ్, ఫరీదూన్ వంటి పేర్లు ఇవే. హైదరాబాదులో నిజాం ప్రభుత్వంలో ఉన్నతపదవులు నిర్వహించిన సర్ ఫరీదూన్‌జీ జంషెడ్‌జీ పేరులో ఓడిన చక్రవర్తీ, గెలిచిన వీరుడూ పక్కపక్కనే ఉన్నారు.

20వ శతాబ్దంలో కొండకు మరో అర్థం వచ్చింది. ఇరాన్‌లో రాజ్యాంగ ఉద్యమం నీరుగారి, 1921లో సైనికబలంతో ప్రభుత్వం మారిన మరుసటి సంవత్సరం కవి మహమ్మద్ తకీ బహార్ (1886–1951) 'దమావందియే' అనే ఖండిక రాశాడు. పాత కథలో కొండలో బందీ అయినవాడు నిరంకుశుడు. బహార్ చూపులో కొండే బందీ. అది అన్యాయాన్ని చూస్తూ నోరుమూసుకొన్న జాతికి గుర్తు. కొండను అతడు మొదట ఆకాశంపైకి ఎత్తిన పిడికిలితో పోల్చి, వెంటనే దిద్దుకొని, కాదు, నొప్పితో వాచి గడ్డకట్టిన గుండె అంటాడు. ఆ నిప్పును దాచుకోవద్దు, పేలు అని వేడుకొంటాడు. యుగయుగాలుగా పెద్దలు పేలకూడదని కోరుకొన్న కొండను పేలమని అడిగిన ధైర్యం ఈ ఖండికను ఇరాన్ విద్యార్థుల నోటికి ఎక్కించింది.

జహాక్ ఎవరన్న వివాదం ఇంకా తీరలేదు. కుర్దులు వసంతకాలపు నౌరోజ్ పండుగనాడు కొండలమీద మంటలు వేస్తూ చెప్పుకొనే కథలో ఫరీదూన్‌కు పెద్దగా చోటులేదు. కమ్మరి కావే స్వయంగా సమ్మెటతో నిరంకుశుణ్ణి చంపివేస్తాడు. తరతరాలుగా అణచివేతను చవిచూసిన జాతికి సంకెళ్ళ ముగింపు సరిపోలేదు కాబోలు. 19వ శతాబ్దం తొలినాళ్ళలో జేమ్స్ మోరియర్ అనే ఆంగ్ల దౌత్యోద్యోగి, కొండకు దక్షిణాన అదే పేరుగల దమావంద్ పట్టణంలో ఆగస్టు 31న జహాక్ మరణాన్ని పండుగగా జరుపుకొనేవారని రాశాడు. కొండకు అంత దగ్గరివారు కూడా అతడు చచ్చాడనే అనుకోదలచారు. దీనికి పూర్తిగా ఎదురుతిరిగి 1990లో కవి అహ్మద్ షామ్లూ, అమెరికాలోని బర్క్‌లీలో చేసిన ప్రసంగంలో, జహాక్ నిజానికి కులీనుల ఆధిపత్యాన్ని కూల్చినవాడని, గెలిచినవారు అతడి భుజాలకు పాములు తగిలించారని వాదించాడు. ఆ మాటపై చెలరేగిన దుమారం ఇంతా అంతా కాదు. కావే తోలుజెండా ఎవరి పక్షాన లేచిందన్నది ఇరాన్‌లో చరిత్రప్రశ్న మాత్రమే కాదు, వర్తమాన రాజకీయప్రశ్న కూడా. షామ్లూ వాదానికి సాక్ష్యబలం తక్కువేనని పండితులు అనేకులు తేల్చినా, రాజుల కథను రాజుల పక్షానే చెబుతారన్న అతడి అనుమానాన్ని తోసివేయడం సులభం కాదు.

1992లో వెలువడిన 10,000 రియాళ్ళ నోటు వెనుకవైపున దమావంద్ బొమ్మ అచ్చయింది. వేసవిలో వందలాదిమంది పర్వతారోహకులు దక్షిణపు దారిన బయలుదేరి, దాదాపు 4,200 మీటర్ల ఎత్తున ఉన్న మూడవ మజిలీలో ఒక రాత్రి గడిపి, మరునాడు శిఖరానికి ఎక్కుతారు. దిగువన లార్ మైదానంలో ఆ రోజులలో ఎర్రని గసగసాల పూలు విరగబూస్తాయి. పైకి పోయేకొద్దీ పచ్చదనం మాయమై బూడిదరంగు రాళ్ళు, ఆపైన పసుపుపచ్చని గంధకపు పొరలు వస్తాయి. శిఖరం ఇంకా కొంత దూరం ఉండగానే ఆవిరి ఘాటు గొంతుకు పట్టుకొంటుంది. ఆరోహకులు తడిగుడ్డ ముక్కుకు కట్టుకొని, గాలి ఎటు తిరిగితే దానికి వ్యతిరేకపు అంచున నడుస్తారు. వారి కాళ్ళకింద రాయి వెచ్చగా ఉంటుంది.